తడి సిమెంటులో రాయి

ఘాటురోడ్డు కూలీల గుడిసెలు,
బోథ్ తాలూకా.
9-3-1961, గురువారం.

రోడ్ల ఇంజనీరు గారికి నమస్కారములు.

సోమవారం మా వాళ్ళు లోయ మలుపు దగ్గర పని మొదలుపెడతారు. అంతకు ముందే మీకు ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను.

పోయిన నెల మీరు వచ్చి, రోడ్డు అంచున అడ్డురాళ్ళు ఎలా పాతాలో, నడుముకు తాడు ఎలా కట్టుకోవాలో కూలీలకు నేర్పారు. తాడు కొసను ఒక రాయికి కట్టి, లోయవైపు వంగి చూపించారు. అది ఏళ్ళ కిందట పాతిన రాయి. మా వాళ్ళు మాత్రం ఏ రాయికైనా కట్టవచ్చనుకున్నారు. ముందు రోజు నిలబెట్టిన రాళ్ళకే కట్టుకుంటున్నారు. వాటి మొదట్లో సిమెంటు గోరుతో గీకితే ఊడి వస్తోంది.

నిన్న మా అవ్వ, అంటే మా అమ్మ రాజక్క, వంగగానే రాయి ఒరిగింది. అక్కడ లోతు లేదు కనుక మోకాళ్ళు చెక్కుకుపోవడంతోనే బయటపడింది. పైనున్న టేకు చెట్టుకు కట్టుకొమ్మని అందరినీ బతిమాలాను.

"దొర రాయికే కట్టిండు. నాలుగు అచ్చరాలు రాంగనే దొరకే నేర్పుతవా బిడ్డా?" అన్నాడు మేస్త్రీ మొండయ్య. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.

మలుపు దగ్గర మొదటి తాడు అవ్వదే. నేను వెళ్ళి తొంగి చూశాను. లోయ అడుగు కనిపించలేదు.

మీరు రాలేకపోతే, తాడు చెట్టుకే కట్టాలని ఒక్క ముక్క రాసి పంపండి. ఆఫీసు ముద్ర తప్పక వేయించండి. లేకుంటే నేనే రాసుకున్నానంటారు. శనివారం సాయంత్రంలోగా జవాబు అందేలా చూడండి.

ఇట్లు,
రాజక్క కూతురు