పియానో పిలిస్తే పలికాను

మైలాపూరు, చెన్నై,
మంగళవారం.

పరమ పూజ్యురాలు, నాకున్న ఒకే ఒక్క అక్కయ్య పద్మ గారి పాదాలకు తమ్ముడు చిన్నోడు ఇంత దూరం నుంచే వంగి విన్నవించుకునేది. ఇక్కడ నేను క్షేమం, ఒక్క విషయంలో తప్ప. అక్కడ నువ్వు, బావ, బుజ్జి, మీ అత్తయ్యగారి మోకాళ్ళు అంతా క్షేమమని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేంటని కంగారు పడకు. కవరులో మడిచిన కాగితం ఒకటి ఉంది. ఇది చదవడం పూర్తయ్యేదాకా దాన్ని విప్పొద్దు.

తిండికి లోటు లేదు. మెస్సు సాంబారులో బెల్లం వేస్తారు, నేను క్షమించేశాను. వీలైతే కందిపొడి పంపు. ఉక్కపోత ఎంతంటే, ఉతికిన చొక్కా ఆరకముందే ఒంటి మీది చొక్కా తడుస్తుంది. నేను బాగానే ఉన్నాను.

ఉద్యోగం సంగతి. ఇంజనీరింగు చదివి కీబోర్డు వాయించేవాడికి ఇంతకన్నా పరువైన పని దొరకదు. మా పెద్దాయన ఒక కాన్‌చెర్టో రాస్తున్నారు. అంటే ముందు ఒక పియానో, వెనక నలభై మంది వాద్యగాళ్ళు. ఆర్కెస్ట్రా అనగానే మన తుని పెళ్ళిళ్ళ స్టేజీ అనుకోకు. ఆయన పెన్సిలుతో రాసింది నేను కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆయన తాతల నాటి నుంచి మద్రాసు తెలుగువారు. మాట సగం తెలుగు, సగం అరవం, కోపమొస్తే ఇంగ్లీషు.

మొదటి రోజు మధ్యాహ్నం ఆయన ఇంట్లో పియానో ఉన్న గదిలో నేనొక్కడినే ఉన్నాను. కిటికీ అవతల వంతెన మీద లోకల్ రైలు వెళ్ళింది. అది వెళ్ళిపోయాక కూడా మూత తెరిచిన పియానోలో ఎవరో మూలుగుతున్నారు. నేను వీరోచితంగా పెద్దాయన ఉన్న వంటగదిలోకి పరుగెత్తాను.

పెద్దాయన నవ్వలేదు. నన్ను వెనక్కి తీసుకొచ్చి పియానో కిందికి చూపించారు. కుడి పెడలు మీద ఒక ఇటుక ఉంది. ఆ పెడలు నొక్కి ఉంచితే తీగలన్నీ విడిపడి ఉంటాయట, గదిలో ఏ చప్పుడైనా తిరిగి పలుకుతాయట.

"నీకు పాటలు ఏడ్నించి వస్తాయని అందురూ అడుగుతారు. ఈడ్నించే నాయనా," అన్నారు. "నీకు ముందు పనిచేసిన అమ్మాయి వాళ్ళ నాయన వ్యాసర్పాడి యార్డులో రైలుపెట్టెలు తగిలించే వాడు. ఆయన కేక ఎట్టుంటుందో ఆ పిల్ల దీంట్లోకి కేకేసింది. తీగలు చెప్పింది నేను రాసుకున్నా. సరి, నువ్వూ ఒకటి పిలువు."

నేను తల లోపల పెట్టి, "రెండిడ్లీ, ఒక వడ," అని అరిచాను. హల్లులన్నీ రాలిపోయి అచ్చులు మాత్రం తిరిగొచ్చాయి, బావిలోంచి ఎవరో టిఫిన్ అడిగినట్టు. ఆయన గంభీరంగా రాసుకున్నారు. మొదటి భాగంలో అది ఇప్పుడు బసూన్ అనే బొంగురు గొంతు గొట్టం వాయిస్తుంది. నా వంతు కీర్తి అదే.

"పరిహాసం అయ్యిందా? ఇప్పుడు నిజంది పిలువు," అన్నారు.

ఏం పిలిచానో నీకు చెప్పక్కర్లేదు. డాబా మీంచి సాయంత్రాలు అమ్మ పిలిచే పిలుపు. 'పద్మా... చిన్నోడా...' అని మొదట పైకి లేచి, తర్వాత మెట్లు దిగినట్టు దిగుతుందే, అది. నా గొంతుతోనే పిలిచాను. తిరిగొచ్చింది మాత్రం నా గొంతు కాదక్కా. తీగలకు గొంతులుండవని నాకు తెలుసు, ఫిజిక్సులో ఫస్టు క్లాసు నాది. అయినా చెబుతున్నాను.

ఆయన రాసుకున్నారు, నేను కాఫీ తెచ్చుకున్నాను. అప్పుడు మళ్ళీ రైలు వెళ్ళింది. ఎవరూ నోరు తెరవలేదు. పియానో అదే వరసలో, లేచి, దిగింది.

"ఆఁ, వస్తున్నా," అన్నాను నేను. గట్టిగా. గ్లాసు కింద పెట్టి లేచాను కూడా.

పెద్దాయన అప్పటికే పెన్సిలు అందుకున్నారు. "నీ జవాబు కూడా రాస్తి," అన్నారు మెల్లగా. "రెండో భాగం దొరికింది నాకు."

రెండు రోజులుగా ఆ పేజీ ఎక్కించలేకపోయాను. అమ్మ పోయాక ఆ పిలుపు మనిద్దరం ఒక్కసారైనా వాడలేదు. బుజ్జిని కూడా నువ్వు ఆ వరసలో పిలవవు. రికార్డింగూ లేదు. మన రెండు తలల్లో తప్ప ఎక్కడా లేనిదాన్ని హాలు నిండా జనం ముందు పెట్టనా? ఆ మాటే ఆయనతో అన్నాను.

"అది నీ ఒక్కడిదేనా?"

"మా అక్కది కూడా."

"అయితే నన్నేమడుగుతావు, ఆమెనడుగు," అని పుస్తకంలోంచి ఆ పేజీ చింపి నా చేతిలో పెట్టారు. నకలు లేదు. కవరులో ఉన్నది అదే.

నీకు స్వరాలు చదవడం రాదుగా, పర్లేదు. చుక్క పైకి వెళ్తే గొంతు పైకి, దిగితే కిందికి. వేలు పెట్టి నెమ్మదిగా నడువు. ఇవ్వాలనిపిస్తే తిప్పి పంపు. వద్దనిపిస్తే దాచుకో, నేను అడగను, ఆయనా అడగరు. అప్పుడు ఆ పిలుపు ఉండాల్సిన ఎనిమిది తాళపు గళ్ళూ ఖాళీగా వదిలేస్తారట. వాద్యగాళ్ళందరూ ఆగుతారు, పియానో వాయించే ఆవిడ మీటలు ముట్టకుండా పెడలు మాత్రం తొక్కి కూర్చుంటుంది. హాల్లో ఎవరు దగ్గితే ఆ దగ్గు, ఎవరు పిలిస్తే ఆ పిలుపు తిరిగొస్తుంది.

అత్తయ్యగారికి, బావకి నా నమస్కారాలు, బుజ్జికి ముద్దులు. నీ దీవెన నా నెత్తిన ఉండనీ, ఇక్కడ దాని అవసరం కనిపిస్తోంది. కాగితం విప్పేటప్పుడు ఇంట్లో ఎవరూ లేకుండా చూసుకో. ముందే చెబుతున్నాను, నువ్వూ పలుకుతావు.

ఇట్లు,
నీకంటే ముందే పలికేసిన తమ్ముడు,
చిన్నోడు