మట్టి మీద బంతి గుర్తు

పందొమ్మిదేళ్ళు టెన్నిస్ ఆడి బతికిన, అందరూ ఎడంచెయ్యి అని పిలిచే నేను, అరవై ఒకటో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. మోకాళ్ళు పోయాయి గానీ బుర్ర పోలేదు. ఇదివరకు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. దీన్ని అమలుపరిచే బాధ్యత నా లాయరుది.

1. మా అన్నయ్యకు: నా కోచ్‌నని సభల్లో చెప్పుకుంటాడు. నేను ఆడినంతసేపూ గ్యాలరీ నీడలో కునుకు తీసేవాడు. ఓడితే మాత్రం లేచి, "నేను చెప్పినట్టు ఆడుంటే గెలిచేదానివి" అనేవాడు. ఆ కునుకుకు వాడిన మడత కుర్చీ అతనికి చెందవలెను. అతను కన్నేసిన ఇల్లు కాదు.

2. టెన్నిస్ సంఘం అధ్యక్షులవారికి: నా సన్మాన సభలో నన్ను బ్యాడ్మింటన్ తార అన్నారు. ఆనాటి జ్ఞాపిక బట్టలుతికే మిషను ఊగకుండా దాని కాలి కింద ఉంది. తీసి, తుడవకుండా వారికి పంపవలెను.

3. డబుల్స్‌లో నా జోడీకి: సెమీఫైనల్ ముందురోజు కడుపునొప్పని తప్పుకుని, అదే వారం వేరే ఊళ్ళో వేరే జోడీతో ఆడిన మనిషి. ఏమీ లేదు. మర్చిపోయాననుకుంటుందేమోనని ఈ అంశం రాయించాను.

4. స్టేడియం మెట్ల కింద గదిలో రాకెట్లకు తీగలు బిగించినాయనకు: నా నొప్పిని డాక్టర్ల కంటే ముందే కనిపెట్టి, "ఇవాళ కాస్త వదులుగా కట్టానమ్మాయ్, మోచెయ్యి జాగ్రత్త" అనేవాడు. నా వాలుకుర్చీ, మంచి రేడియో ఆయనకు.

5. మా చెల్లెలికి: ఇల్లు, మిగిలిన సమస్తమూ. కారణాన్ని లాయరు అందరి ముందూ పైకి చదవవలెను.

అప్పుడు నాకు పదహారు, దానికి పద్నాలుగు. ఇద్దరినీ శిక్షణకు పంపే స్తోమత నాన్నకు లేదు. మాలో మేం ఆడి, గెలిచినవాళ్ళే వెళ్ళాలన్నాడు. ఇంకొక్క పాయింటు వస్తే అది గెలుస్తుందనగా, అది కొట్టిన బంతి గీత మీద పడింది. గీతను తాకితే లోపల పడ్డట్టే లెక్క. మట్టి కోర్టు, గుర్తు స్పష్టంగా ఉంది. నాన్న వచ్చి చూసేలోపు కాలితో చెరిపేసి, బయట పడిందన్నాను. నేను చెరపడం అది చూసింది, చూసి తిరిగి తన చోటికి నడిచింది. ఆ తర్వాత ఒక్క బంతీ సరిగ్గా కొట్టలేదు. ఇంటికి వెళ్తూ నా సంచి కూడా అదే మోసింది.

ముప్పై ఐదేళ్ళు బడిలో పిల్లలకు డ్రిల్లు చెప్పింది. ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. పైన మొదటి ముగ్గురూ నాకు చేసినవన్నీ కలిపినా, నేను దానికి చేసినంత నీచం కాదు.

చెల్లీ, క్షమించమని అడగను. అడిగితే "పోన్లే అక్కా" అనేస్తావు. ఆ మాట వినే అర్హత నాకు లేదు. బంతి లోపలే పడింది.

నవంబరు పద్నాలుగు, శుక్రవారం.

(సంతకం) ఎడంచెయ్యి

సాక్షులు:
నా మోకాళ్ళకు ఆపరేషన్ చేసిన డాక్టరు
కింది వాటాలో ఉండే గడియారాల మెకానిక్కు