అంబాసిడర్ టైరు మీద సుద్దగీత

సుభాషిణీ,

నేను కులాసా. ఇక్కడ ఫోనెత్తితే చాలు, పక్కన ఎవరో ఒకరు చెవి ఒగ్గుతున్నారు, అందుకే కార్డు. ఇక్కడ తెలుగు చదివేవాళ్లు లేరు. మన పోస్ట్‌మాన్ చదివితే చదవనీ.

ఢిల్లీ దగ్గర మానేసర్ దాటాక మా సేఠ్ గారి రేసు ట్రాకు, తుపాకీ రేంజి, పాతకార్ల మ్యూజియం మూడూ నా అజమాయిషీలోనే ఉన్నాయి కదా. మ్యూజియంలో ఉన్న అంబాసిడర్‌ని ఎవరో బయట తిప్పుతున్నారని నాకు అనుమానం. సోమవారం దాని టైరు నేలకి ఆనిన చోట సుద్దముక్కతో గీత గీశాను. శనివారానికి గీత జానెడు పైకొచ్చింది! వెంటనే మెకానిక్ మహేందర్‌ని రేంజిలో అందరి ముందూ నిలదీశాను.

"సార్‌జీ, టైరు ఒకేచోట అణిగిపోకుండా వారానికి జానెడు తొయ్యమని మీరే కదా చెప్పారు" అన్నాడు.

తుపాకీ గురి పెట్టినవాళ్లు కూడా దించేసి నవ్వారు. చెప్పాననుకో. అయినా వాణ్ణి నమ్మను. చేత్తో తోసిన బండి దగ్గర పెట్రోలు వాసన ఎందుకొస్తుంది?

కొత్త మిక్సీ అట్టపెట్టె సీలు నీ ఎదుటే విప్పారా? ఆవకాయ జాడీకి నేను కట్టిన వాసెన గుడ్డ అలాగే ఉందా, ఎవరైనా కదిపారా? బీరువాలో నా పాత కంపెనీ వాళ్లిచ్చిన ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్టు తీసి విడిగా పెట్టు. ఎందుకని అడగొద్దు.

అత్తయ్య గారికి నమస్కారాలు, చైతూకి ఆశీస్సులు.

అన్నట్టు, ఇవాళ డ్యూటీ దిగి బయటికొస్తే నా స్కూటర్ వెనకటైరు మీద సుద్దగీత ఉంది. అది నేను గీసింది కాదు.

పద్మనాభం