అవ్వ వేలికి రెండు సెకన్లు

అక్కా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఇవాళ నీ సంవత్సరీకం, మన ఊరు పానగల్ వచ్చాను.

రేషన్ షాపుల్లో వేలిముద్ర తీసుకునే మిషన్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి నువ్వు తయారుచేసిన పరీక్షలు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. సర్వర్ రెండు సెకన్లలో జవాబివ్వకపోతే ఎర్రగా చూపించేలా పెట్టావు. సగటు చూసి సంబరపడనివ్వలేదు, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన జవాబునే చూడమన్నావు. "అంతకన్న లేటయితే మన అవ్వ ఏలు తీసి కొంగుకు తుడుస్తదే. మళ్ల మొదటికొస్తది" అనేదానివి. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్లు.

నెల కిందట సర్వర్ నెమ్మదించింది. పరీక్షలు రోజూ ఎర్రబడ్డాయి. మేనేజర్‌ని సర్వర్ బాగుచేయించమంటే, "ఆ రెండును ఐదు సెకన్లు చెయ్యమ్మా, ఒడిసిపోతది" అన్నాడు. చెయ్యనన్నాను. నీ మాటే చెప్పాను. ఆయనే నా పక్కన కూర్చుని అంకె మార్చేశాడు. అన్నీ పచ్చగా వచ్చాయి. సర్వర్ మాత్రం అట్లాగే ఉంది.

ఈ పొద్దున అవ్వ వెంట రేషన్ షాపుకు వెళ్లాను. అవ్వ వేలు పెట్టింది. మిషన్ ఎంతకీ పలకలేదు. వేలు తీసి, కొంగుకు తుడుచుకుని, మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. వెనక నిలబడ్డవాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

"ఏలు తియ్యకు అవ్వా, మిషనే లేటు చేస్తాంది" అన్నాను.

"మిషన్ మంచిగనే ఉన్నది బిడ్డా. నా ఏలే అరిగింది" అని, వెనకామెకు జాగా ఇచ్చి, ఖాళీ సంచి మడుచుకుంది.