ఇరవై మూడు పరుగుల రోజు

టొలీడో,
1938 మే 4

అమ్మాయి లొరెట్టాకు,

నీ ఉత్తరం అందింది. మీ నాన్న ఆర్విల్ ఒక్క బేస్‌బాల్ ఆటలోనే ఇరవై మూడు పరుగులిచ్చాడని పాత పేపర్లో చదివి బాధపడ్డావు. ఐదారు పరుగులిస్తేనే బంతి వేసేవాణ్ని దింపేసే ఆటలో అన్ని పరుగులిచ్చిన మాట నిజమే. "ఇంక దిగవయ్యా, కొట్టి కొట్టి వాళ్లే అలిసిపోయారు!" అని జనం గేలి చేసిన మాటా నిజమే.

తొమ్మిది ఇన్నింగ్స్‌లలో మూడోదానిలోనే ఆయన బదులు నన్ను బంతి వెయ్యమన్నాడు మేనేజరు. నా మోచెయ్యి వాచి ఉంది. చెబితే జట్టులోంచి తీసేస్తారని దాచాను. నేను నీళ్ల గ్లాసు ఎడమచేత్తో ఎత్తడం మీ నాన్న చూశాడు.

"నాకేం అలుపు లేదు బాస్, నేనే వేస్తా" అని మేనేజరుతో అన్నాడు. నాతో మాత్రం మెల్లిగా, "ఇంట్లో చంటిదుంది కదరా నీకు. కూర్చో" అన్నాడు.

చివరిదాకా ఆయనే వేశాడు. మేమూ ఇరవై ఒక్క పరుగులు కొట్టాం గానీ ఓడిపోయాం. మర్నాడు ఆయన్ని తీసేశారు. నేను మరో తొమ్మిదేళ్లు ఆడాను.

ఆయన పోయేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నువ్వు చెప్పమ్మా. చెప్పేటప్పుడు కవరు మీదున్న నా పేరు దాచకు.

మీ నాన్నతో ఆడినవాడు