ముక్కు ఆపరేషన్‌కు ముందు చెప్పని మాట

బుధవారం రాత్రి, ఎల్లారెడ్డి

ఆపరేషన్ సోమవారమట. బండి మీద నుంచి పడ్డప్పుడు వంకరపోయిన ముక్కు ఎముకను సరిచేస్తే రెండు వైపులా గాలి ఆడుతుందని, వాపు పూర్తిగా తగ్గడానికి మాత్రం నెలలు పడుతుందని కామారెడ్డిలో డాక్టరమ్మ చెప్పింది.

"మత్తు ఇస్తం గద, ఏదీ దాయొద్దమ్మా. నెల గిన తప్పిందా?" అని అడిగింది.

పక్కనే మామయ్య కూర్చుని ఉన్నారు. లేదన్నట్టు తల ఊపాను. నిజానికి తేదీ దాటి వారం పైనే అయింది.

బస్టాండులో మా ఆయనకు చెప్పబోయాను.

"ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"దూపైతుంది" అన్నాను.

వెళ్లి నీళ్ల సీసా తెచ్చారు. "ముక్కు సక్కగైతే నీ గురక పోతది, నాకు నిద్ర పడ్తది" అని నవ్వారు.

రాత్రంతా నోటితో గాలి పీల్చుకునే ఈ బాధ పోవాలని నాకూ ఉంది. చెబితే ఆపరేషన్ ఆపేస్తారేమో. చెప్పకపోతే ఆ మత్తు కడుపులో బిడ్డను ఏం చేస్తుందో. అసలు బిడ్డ ఉందో లేదో కూడా...

మామయ్య పడుకున్నారు. పక్క గదిలో మా ఆయన ఫోన్ చూస్తూ ఇంకా మేలుకునే ఉన్నారు. ఈ మాట రాసి, లేచి ఆయన దగ్గరికి వెళ్తాను.