పూతరేకు చెవికి కాటుక

కొత్తపేట దగ్గర,
బుధవారం మధ్యాహ్నం.

మస్కట్‌లో ఉన్న మా వారికి,

సత్యశ్రీ నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యగారు, నేను బాగానే ఉన్నాం. తుఫాను సంగతి టీవీ కంటే ముందు అత్తయ్యగారి మోకాళ్లే చెబుతున్నాయి. మీరు వేళకి తింటున్నారనుకుంటాను. రోజూ ఫోన్లో కనబడేదానికి ఉత్తరమేమిటని నవ్వకండి. మీ గదిలో ఎనిమిది మంది, ఫోనేమో స్పీకర్లో. అందరి ముందూ చెప్పలేనివి ఉంటాయి. మీతో పనిచేసే ఎబినేజర్ సెలవు అయిపోయి శనివారం మీ దగ్గరికే బయలుదేరుతున్నాడు. ఆవకాయ డబ్బాతో పాటు ఇదీ ఇచ్చి పంపుతున్నాను.

వచ్చేటప్పుడు అతని చేత మీరు పంపిన ఉత్తరం చదివాను. నాలుగు ప్రశ్నలు అడిగారు. ఒకటి మోటారు గురించి, మూడు మేకల గురించి. మోటారు బాగు చేయించాం, నీళ్లు వస్తున్నాయి. ఇక మీ మేకల సంగతి.

క్యారెట్ నిలువుగా చీల్చి పెడుతున్నావా అన్నారు. పెడుతున్నానండీ. గుండ్రంగా కోస్తే గొంతుకు అడ్డం పడుతుందని మీరు చెప్పింది మరిచిపోలేదు. కానీ క్యారెట్ మన గోదారి లంకలో పండుతుందా? పని కట్టుకుని కొత్తపేట వెళ్లాలి. తెస్తే అత్తయ్యగారు ఊరుకుంటారా? "మనుషులకి పులుసులోకి ముక్క లేదు గానీ, మేకలకి క్యారెట్టంట! చోద్యం!" అని సణుగుతూనే ఉంటారు.

అవిసె మండలు తింటున్నాయా అని రెండో ప్రశ్న. ఎందుకు తింటాయి? వేసవిలో సెలవుకొచ్చి, గోధుమరంగుదానికి కాజా అనీ, తెల్లదానికి పూతరేకు అనీ పేర్లు పెట్టి, నెల రోజులు ఒళ్లో కూర్చోబెట్టుకుని దోసముక్కా క్యారెట్‌ముక్కా తినిపించి వెళ్లిపోయారు. మీరెళ్లాక మండ వేస్తే మొహం తిప్పేసేవి. కత్తిపీట చప్పుడైతే చాలు, వంటింటి గడప దాటి వచ్చేసేవి. మొన్న నేను బీరకాయ చెక్కు తీస్తుంటే కాజా నా చీరకొంగు సగం నమిలేసింది. అలవాటు చేసింది మీరు, అవస్థ నాది. ముద్దు చేసి విమానం ఎక్కడం ఎవరికైనా తేలికే.

ఇక మూడో ప్రశ్న. పూతరేకు చిక్కినట్టుంది, ఏమైంది అని అడిగారు. దీనికి జవాబు రాయలేక నెలరోజులుగా కాగితం తీయడం, పెట్టడం. మీరు వీడియోలో చూస్తున్నది పూతరేకు కాదండీ. పక్కింటి కాంతమ్మగారి మేక. పూతరేకు చచ్చిపోయి రెండు నెలలు దాటింది. దాన్ని నేనే చంపుకున్నాను.

అప్పుడు నాకు జ్వరం వచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. మీకు తెలియదు, మీరు అడగలేదు. మూడో రోజు ఫోన్ ఎత్తగానే "సత్యా, అటు తిప్పు, మేకల్ని చూపించు. క్యారెట్టెట్టేవా?" అన్నారు. నా గొంతు బొంగురుపోయి ఉంది. అత్తయ్యగారు "దానికి ఒంట్లో..." అని చెప్పబోతే "ఉండమ్మా, నవిలే చప్పుడు ఇననీ" అన్నారు. నాకు జ్వరం కంటే ఆ మాటకి ఒళ్లు ఎక్కువ కాలింది.

మర్నాడు ఎదురింట్లో సీమంతం. వంటవాళ్లు క్యాబేజీ ఆకులు, కాలీఫ్లవర్ కాడలు గంపెడు పారబోస్తుంటే తెచ్చి పూతరేకు ముందు కుమ్మరించాను. "తిను, మీ అయ్యగారి ముచ్చట తీరా తిను" అన్నాను. ఇలాంటివి పిడికెడు మించకూడదని మీరు వందసార్లు చెప్పారు. నాకు తెలుసు. తెలిసే పోశాను. కాజా అవతల కట్టేసి ఉంది కాబట్టి బతికిపోయింది. సాయంత్రానికి పూతరేకు ఎడమ డొక్క తప్పెటలా ఉబ్బింది. పశువుల డాక్టరుగారు ఊళ్లో లేరు. కాంతమ్మగారు పరుగున వచ్చి నూనె పట్టించారు, నడిపించారు. దీపాలు పెట్టే వేళకి నా ఒళ్లోనే పోయింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నాది మొగుడి మీద కోపం మేక మీద. దాన్ని కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చి, అక్కడే కూలబడి ఏడ్చాను.

మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. ఆ రోజు మీ సూపర్‌వైజరుతో గొడవపడి మొహం పీక్కుపోయి ఉన్నారు. "తెల్లదేదే?" అన్నారు. "మేతకెళ్లిందండీ" అన్నాను. ఆ ఒక్క అబద్ధానికి తర్వాతి రోజు ఒక మేక కావలసివచ్చింది. కాంతమ్మగారి తెల్లమేకని అడిగి తెచ్చి, పూతరేకు ఎడమ చెవి మీద ఉండే నల్లమచ్చ కోసం దానికి కాటుక పెట్టాను.

ఆవిడ బుగ్గలు నొక్కుకున్నారు. "ఆయ్, మేకనిత్తాను గానీ అమ్మాయ్, అబద్దానికి అరువిచ్చినట్టు కాదా? ఆదివారం చర్చిలో ఏ మొకం పెట్టుకుని కూచోను?"

"ఈ ఒక్కరోజేనండీ కాంతమ్మగారూ" అన్నాను.

ఆ మేక జన్మలో క్యారెట్ చూడలేదు. వాసన చూసి తుమ్మింది. "నా మీద అలిగింది చూడే" అని మీరు పగలబడి నవ్వారు. ముందురోజు పీక్కుపోయిన మొహంలో ఆ నవ్వు చూసి నిజం మింగేశాను. ఆ ఒక్కరోజు రెండు నెలలైంది. మీ ఫోన్ మోగితే అత్తయ్యగారు అబద్ధం ఆడలేక వీధిలోకి వెళ్లిపోతున్నారు.

ఈ ఆదివారం కాంతమ్మగారి చర్చిలో కోత పండగ. పంటలో మొదటి గెల, మందలో మంచి జీవం తెచ్చి దేవుడి ముందు పెట్టి, తర్వాత వేలం వేస్తారు కదా. ఆవిడ ఈ మేకని ఏడాది కిందటే మొక్కుకున్నారట. "నా మొక్కు నేనాపలేనమ్మా. అబ్బాయిగారికి నిజం చెప్పేసెయ్యి, నీకూ నాకూ మంచిది" అన్నారు నిన్న. ఇంకో మేకని వెతికి కాటుక పెట్టే ఓపిక నాకు లేదు. విసిగిపోయానండీ, మేకలతోనూ, అబద్ధాలతోనూ, మీతోనూ.

మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. ప్రాణంగా చూసుకున్నదాన్ని చంపి, రెండు నెలలు మోసం చేశాను. ఏ మాటన్నా పడతాను. కానీ ఇది చదివాక ఫోన్ చేసినప్పుడు అటు తిప్పు, ఇటు తిప్పు అనకండి. నా మొహం చూసి తిట్టండి. మేక చిక్కిపోయిందని అంత దూరం నుంచి కనిపెట్టారు. దాని పక్కనే తాడు పట్టుకుని నేను నిలబడ్డాను. నేనూ చిక్కిపోయానండీ.

ఇట్లు,
మీ ఇంటిది,
సత్యశ్రీ